పెట్టెలోంచి లేచిన హీరో

బుధవారం. టీకాలకొచ్చిన తల్లులంతా పిల్లల్ని ఎత్తుకుని వెళ్ళిపోయాక సబ్‌సెంటర్ వరండాలో ఏఎన్ఎమ్ రూబీ ఒక్కతే మిగిలింది. మధ్యాహ్నం రెండయింది. కబురు పెట్టగానే వచ్చిన మేనత్త కొడుకు, హైస్కూల్లో హిందీ మాస్టారు ఆరోన్‌ని ఆమె ఇంకా కూర్చోమని అనలేదు.

"ఆ సినిమా టీజరు పద్నాలుగు సార్లు చూశాను బావా. పద్నాలుగు సార్లూ మా అమ్మ ఏడుస్తూనే ఉంది. పద్నాలుగు సార్లూ ఆ హీరో శవప్పెట్టెలోంచి లేచి తుమ్ముతూనే ఉన్నాడు."

"రూబీ, కాస్త నెమ్మదిగా..."

"నెమ్మదిగా ఏంటి? వాడు తుమ్మగానే అమ్మ ఏడుపుని వెనక్కి తిప్పి మూడుసార్లు వేశారు. ఓ, ఓ, ఓ అని. దానికింద డప్పొకటి. ఆ డప్పుకి వెనకాల నలుగురు డాన్సు. నువ్వు చూడలేదా?"

"చూశాను."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి. మొత్తం చూళ్ళేదు."

"మొత్తం చూడు. ఇదిగో, పట్టుకో. పట్టుకోమంటుంటే!"

"వద్దమ్మా. అది టీజరు. టీజర్లో అలాగే ముక్కలు ముక్కలుగా కోసి వేస్తారు. సినిమాలో వేరేగా ఉండొచ్చు."

"ఏంటి వేరేగా ఉండేది? సినిమాలో వాడు తుమ్మడా? పొద్దున ఒకావిడ పిల్లని ఒళ్ళో పెట్టుకు కూచుంది. నేను సూది పొడుస్తున్నాను. ఆవిడ ఫోను మోగింది. మా అమ్మ ఏడుపు! రింగ్‌టోను పెట్టుకుంది బావా. సూది మధ్యలోనే లాగేశాను. పిల్ల కాలు కదిలుంటే ఏమయ్యేది?"

"ఆవిడకి తెలీదేమో, మీ అమ్మని."

"తెలుసు. తెలుసు కాబట్టే నవ్వుతూ, 'మేడమ్, మీ అమ్మగారు ఫేమస్సయిపోయారండీ' అంది. ఏం చెప్పమంటావు? థాంక్సండీ అనమంటావా?"

"అత్తయ్య చూసిందా?"

"అమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. చూళ్ళేదు. చూడనివ్వను కూడా. నువ్వు మాట మార్చకు. ఏం చెప్పి తీసుకెళ్ళావు అమ్మని?"

"నువ్వూ ఉన్నావుగా అప్పుడు."

"నేనున్నప్పుడు చెప్పింది నాకు తెలుసు. 'సీరియస్ హిందీ సినిమా రూబీ, మన గోదారి మీద పడవ నడిపేవాడి కథ, వాడు పోయాడనుకుని వాళ్ళమ్మ ఏడుస్తుంది, అవార్డులొస్తాయి' అన్నావు. పాస్టరుగారికీ అదే చెప్పావు. సంఘపెద్దలకీ అదే చెప్పి సమాధుల దొడ్డి తాళం ఇప్పించావు."

"అది అబద్ధం కాదు. మొదట కథ అదే. గడ్డం డైరెక్టరు గుర్తున్నాడా, మన చర్చికొచ్చి వెనక బెంచీలో కూచున్నాడు, ఆరాధన అయ్యేదాకా లేవలేదు? ఆయన మనసులో ఉన్న కథ అదే."

"మరి ఏమైంది ఆ మనసు?"

"హీరోకి నచ్చలేదు. ఏడుపు ఎవడు చూస్తాడు, ఫైట్లు పెట్టు, నవ్వులు పెట్టు అన్నాడంట. ఆయన పెట్టనన్నాడు. ఇద్దరూ రాజమండ్రి హోటల్లో ప్లేట్లు విసురుకున్నారు. మర్నాడు పొద్దున్నే గడ్డం ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. తరవాత గోదారొచ్చి పడవ సెట్టు ఎత్తుకుపోయింది. రావులపాలెంలో అరటి గెలల మీంచి దూకే ఫైట్లో హీరోకి మోకాలు పోయింది. రెండు నెలలు పనే లేదు. సినిమా పేరు మూడుసార్లు మార్చారు. ఆఖరికి ఫైట్లు తీసే మనిషినే డైరెక్టరు కుర్చీలో కూచోబెట్టారు. వాళ్ళ పాట్లు చూస్తే..."

"వాళ్ళ పాట్లు నాకెందుకు? గడ్డం ఆయన వెళ్ళిపోయింది ఏ నెల?"

"ఏ నెలైతే ఏంటి?"

"ఏ నెల బావా?"

"జూలై."

"మా అమ్మ ఏడ్చింది?"

"అదీ... వానలు తగ్గాక."

"నెల చెప్పు."

"నవంబరు."

"నవంబరు. అంటే, ఆయన వెళ్ళి నాలుగు నెలలయింది. ఆ ఫైట్లాయన వచ్చాడు. నవ్వుల కథ అయిపోయింది. అప్పుడు తీసుకెళ్ళి కూచోబెట్టావు."

"పూర్తి కథ నాకెవరు చెప్తారు రూబీ? నేనెంత? డైలాగులు పలికించే మాస్టార్ని. ఏ రోజు సీను ఆ రోజు కాగితం మీద ఇస్తారు. అదీ సీను అయ్యాక ఇస్తారు ఒక్కోసారి."

"ఆ రోజు కాగితం ఇచ్చారా?"

"ఇచ్చారనుకుంటా."

"అనుకుంటా ఏంటి?"

"ఇచ్చారు."

"దాన్లో ఏముంది?"

"రూబీ, అవన్నీ ఇప్పుడెందుకు?"

"హిందీలో ఉందా కాగితం?"

"హిందీలోనే ఉంటుందిగా."

"ఈ ఊళ్ళో హిందీ చదవడం వచ్చింది నీ ఒక్కడికే కదా బావా. పాస్టరుగారికి రాదు, పెద్దలకి రాదు, అమ్మకి తెలుగే కూడబలుక్కుంటేగానీ రాదు. అందరూ నీ మొహం చూసి నమ్మారు. ఏముంది దాన్లో?"

"హీరో చచ్చినట్టు నటిస్తాడు. విలన్ మనుషులు చుట్టూ ఉంటారు. తల్లి ఏడుస్తుంది. అగరొత్తుల పొగకి హీరోకి తుమ్మొస్తుంది."

"అమ్మకి చెప్పావా ఇది?"

"చెబ్దామనే అనుకున్నాను."

"చెప్పావా?"

"లేదు."

"ఎందుకని?"

"వందమంది జనం, ఎండ పోతోంది, వాళ్ళేమో అరుస్తున్నారు. చెప్పే వీలు లేదు."

"చెప్పే వీలు లేదు. సరే. ఆ ఫైట్లాయన అమ్మ గురించి ఏమన్నాడు నీతో? మైకులో ఏదో అరిచాడు, నువ్వెళ్ళి అమ్మ చెవిలో ఏదో చెప్పావు, అప్పుడే అమ్మ అలా కూలబడి ఏడ్చిందని సారిక చెప్పింది నాకు."

"సారిక చెప్పిందా?"

"నీ పెళ్ళామే చెప్పింది. అన్నం కూడా తినకుండా వచ్చి చెప్పింది. ఏమన్నాడు వాడు?"

"బాగా చేస్తోందన్నాడు."

"హిందీలో ఏమన్నాడు?"

"నీకు హిందీ రాదుగా."

"నాకు రాకపోతే నీకొచ్చు కదా. ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నావు. దాన్ని తెలుగులోకి తిప్పి చెప్పు. ఇప్పుడు. నా మొహం చూస్తూ చెప్పు."

"ఔర్ జోర్ సే అన్నాడు. ఇంకా గట్టిగా అని."

"అంతేనా?"

"అంతే."

"బావా."

"ముసలిదాన్ని ఇంకా గట్టిగా ఏడవమను అన్నాడు."

"ఇంకా?"

"అది ఎంత గట్టిగా ఏడిస్తే జనం అంత గట్టిగా నవ్వుతారన్నాడు. చాలా?"

"చాల్లేదు. నువ్వు అమ్మ చెవిలో ఏం చెప్పావు?"

"రూబీ, నన్ను వదిలెయ్. నీకు దణ్ణం పెడతాను."

"ఏం చెప్పావు?"

"మావయ్యని తలుచుకో అన్నాను."

"ఎవర్ని?"

"తిట్టు. అలా చూడకు, తిట్టెయ్."

"మా నాన్నని తలుచుకోమన్నావా."

"నోట్లోంచి వచ్చేసింది."

"మా నాన్నని! ఈ ఊళ్ళో ఎవరు పోయినా చర్చి గంట కొట్టింది ఆయన. మీ నాన్న పోయినప్పుడు నిన్ను పట్టుకుని సమాధిదాకా నడిపించింది ఆయన. ఆయన పేరు చెప్పి మా అమ్మని ఏడిపించావా, ఎవడో తుమ్మడానికి? ఎంత మనిషివి నువ్వు? అసలు మనిషివేనా? పిల్లలకి పాఠం ఎలా చెప్తావు? ఆదివారం వాక్యం ఎలా చదువుతావు?"

"ఉండు, ఫోను... ఆయ్, సత్యప్రసాద్ గారూ! ఆయ్... ఇక్కడే ఉన్నానండి... ఆవిడా వస్తారండి... లేదండి, ఇబ్బందేం లేదు, వాళ్ళమ్మాయితో ఒక్క మాట... ఆయ్, పావుగంటండి... నాలుగులోపు అయిపోతుందండి, నాది పూచీ... ఉంటానండి."

"ఎవరు వస్తారు?"

"రూబీ, విను..."

"ఎవరొస్తారని చెప్తున్నావు వాడికి? ఎవరి గురించి పూచీ పడుతున్నావు?"

"ప్రొడక్షన్ మేనేజరు ఆయన. మనవాడే, రాజమండ్రి. వాళ్ళు సమాధుల దొడ్డిలో ఉన్నారు. పొద్దుటినుంచీ లైట్లు పెట్టుకుని కూచున్నారు. అత్తయ్యది ఒక్క షాటు కావాలి."

"మళ్ళీనా?"

"ఒక్కటే. టీజరు అంతగా పాకిపోయింది కదా, ముంబైవాళ్ళు ఆ ముసలావిడ ఇంకాస్త కనబడాలన్నారంట. హీరో లేవగానే అత్తయ్య పెట్టెలోకి తొంగి చూసి, భూతం అని కేకేసి, వెనక్కి పడాలి. కింద పరుపు వేస్తారు. దెబ్బ తగలదు."

"దెబ్బ తగలదా? నువ్వు చూసి చెప్తావా తగిలిందో లేదో? ఇప్పుడే వస్తున్నాను ఉండు. ఆ కెమెరా ముందే కూచుంటాను. ఎవడు లేపుతాడో చూస్తాను."

"కూచుంటే ఏమవుతుందో తెలుసా? ఆ లారీ డ్రైవరుంటాడే, లావుపాటి మనిషి, వాడికి మీసం గీయించి తెల్లచీర కట్టి పెట్టె పక్కన కూచోబెడతారు. అప్పుడే కొలతలు తీసుకున్నారు. వాడు మీ అమ్మలాగా ఏడుస్తూ, గెంతుతూ... దానికన్నా అత్తయ్యే చేస్తే కాస్త మర్యాదగా ఉంటుందని నేను..."

"మర్యాద! ఆ మాట నీ నోటికి ఎలా వచ్చింది? నీకేం కావాలి బావా వీళ్ళ దగ్గర? నిజం చెప్పు. ఏం కావాలి నీకు?"

"ఏం కావాలా? చెప్తాను విను. ఇరవై రెండేళ్ళు హిందీ చెప్పాను. ఒక్క పిల్లాడు, ఒక్క పిల్లాడు నాతో హిందీలో ఒక వాక్యం మాట్లాడాడా? పాసు మార్కులకి చదువుతారు, పరీక్ష అవగానే పుస్తకాలు తూకానికి వేస్తారు. లెక్కల మాస్టారు కనబడితే సైకిలు దిగుతారు. నన్ను చూసి బెల్లు కొడతారు. వీళ్ళొచ్చారు. మాస్టర్జీ అన్నారు. కుర్చీ వేశారు. ఈ మాటేంటి మాస్టర్జీ, ఆ మాటేంటి మాస్టర్జీ అని హీరో దగ్గర్నుంచి నన్నే పిలిచారు. సినిమాలో పేరు వేస్తామన్నారు. నేను నేర్చుకున్నదానికి ఒక్కసారి, ఒక్కసారి పనొచ్చింది. అది తప్పా?"

"తప్పు కాదు. దానికి మా అమ్మని అమ్మడం తప్పు."

"అమ్మలేదు! ఆ మాట అనకు. నేనడిగితే అత్తయ్య వద్దని అనలేదు. తనే వచ్చింది. ఏడవమంటే... నువ్వు చూళ్ళేదు రూబీ ఆ ఏడుపు. నేను చూశాను. అది నా మాటకి వచ్చిన ఏడుపు కాదు. ఎప్పుడో ఆగిపోయింది, ఆ రోజు వచ్చింది. అసలు అన్నేళ్ళు ఎందుకు ఆగింది అని నువ్వు ఎప్పుడైనా..."

"ఎందుకు ఆగడం ఏంటి?"

"ఏం లేదులే."

"మొదలెట్టావుగా, అను."

"మావయ్య మొహం చూడనివ్వలేదు కదా అత్తయ్యని. అందుకని అంటున్నాను."

"ఎవరు చూడనివ్వలేదు?"

"ఎవరని నేననలేదు."

"కరోనా బావా అది! రోజుకి ఎనిమిదిమందిని పంపించాను నేను ఈ వరండాలోంచి. అమ్మకీ పాజిటివే. షుగరుంది, ఆయాసముంది. ఆస్పత్రివాళ్ళు నాన్నని కవర్లో చుట్టి తీసుకెళ్ళి పూడ్చేశారు, అక్కడికి కూతుర్ని నన్నే రానివ్వలేదు. రూలది. అందరికీ ఉన్న రూలు. నన్నేం చెయ్యమంటావు?"

"నేను నిన్నేం అనలేదు రూబీ."

"అనకు. ఇంకోసారి ఆ ఊసెత్తకు. నీ పాపం కడుక్కోడానికి అది తెచ్చి నా ముందు పెట్టకు."

"సరే, ఎత్తను. రూబీ... అటు చూడు. అత్తయ్య వచ్చేస్తోంది."

"ఏదీ? తలుపు వెనక పెట్టెయ్ ఆ ఫోను. నువ్వేం మాట్లాడకు. ఏం తెలీనట్టు ఉండు. అమ్మా! ఎందుకొచ్చావు ఇంత దూరం నడిచి? ఆ తెల్లచీరేంటి?"

"వాళ్ళిచ్చిందేనే. ఇదే కట్టుకు రమ్మన్నారంట. కాలవగట్టు దాకా ఆటోలోనే వచ్చాన్లే. ఏం ఆరోనూ, కారు పంపిస్తామన్నారు, ఏదీ?"

"అత్తయ్యా, కారు... అదీ..."

"కారు లేదు. నువ్వు వెళ్ళట్లేదమ్మా."

"ఏం?"

"ఎండగా ఉంది."

"చలి తగ్గి నాలుగు రోజులు కాలేదు, ఎండేంటే?"

"నీకు బీపీ చూడాలి. కూచో ఇలా."

"పొద్దున చూశావుగా."

"మళ్ళీ చూడాలి. వాళ్ళకి నీతో పని లేదంట. ఇంకెవర్నో పెట్టుకున్నారంట. చెప్పు బావా, లేదని చెప్పు."

"అవునత్తయ్యా. ఇవాళకి అవసరం..."

"మీరిద్దరూ మొహాలు అలా పెట్టారేంటి? ఫోన్లో వచ్చిందనా? పక్కింటి పెద్దింట్లమ్మ మనవరాలు ఆదివారమే చూపించింది నాకు."

"చూశావా?"

"రెండుసార్లు. కళ్ళజోడు లేకుండా ఒకసారి, పెట్టుకుని ఒకసారి."

"మరి నాకు చెప్పలేదేంటమ్మా! మూడు రోజులుగా నేను దాచలేక చస్తున్నాను. నిన్ను మోసం చేశారు. చావు సీనని చెప్పి నవ్వులాట చేశారు. అందరికన్నా ముందు వీడు, ఈ బావ, అన్నీ తెలిసి..."

"రూబీ చెప్పేది నిజమే అత్తయ్యా. నాకు తెలుసు. నవ్వుల సీనని కాగితంలో చదివాను. చదివి కూడా నీకు చెప్పలేదు. పైగా మావయ్య పేరెత్తాను. నన్ను కొట్టు, పడతాను."

"నాకూ తెలుసు నాయనా."

"ఏంటి?"

"నాకు కళ్ళు లేవా ఏంటి? ఆ రోజు పొద్దుటినుంచీ ఆ అబ్బాయి పెట్టెలో పడుకోడం, తుమ్మడం, లేచి కూచోడం. ఆరుసార్లు చేసి చూసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుంటున్నారు. హిందీ రాకపోతే నవ్వు కూడా తెలీదా?"

"తెలిసే చేశావా? తెలిసి ఎందుకు కూచున్నావమ్మా అక్కడ? లేచి రావొచ్చుగా!"

"వాళ్ళ దగ్గర పెట్టె ఉందే."

"పెట్టేంటి?"

"నల్లగుడ్డ పరిచిన పెట్టె. పైన శిలువ, బంతిపూల దండ. మొయ్యడానికి నలుగురు. పక్కన మన పాస్టరుగారి లాగా గౌను తొడుక్కుని ఒకతను. మీ నాన్నకి వీటిలో ఒక్కటీ లేదు. ఏ గోతిలో పెట్టారో నాకు తెలీదు. ఎక్కడ పడి ఏడవను? నాలుగేళ్ళు చూశాను. ఎదురుగా ఒక పెట్టె కనబడింది, దాని మీద పడ్డాను. లోపల ఎవడుంటే నాకేంటి?"

"లోకమంతా నవ్వుతోందమ్మా నిన్ను చూసి."

"నవ్వనీ. నేను వాళ్ళ కోసం ఏడిస్తే కదా, నాకు బాధ. ఆరోనూ, నువ్వు మావయ్యని తలుచుకో అన్నావు చూడు, అప్పటికే తలుచుకుంటున్నాను. నువ్వు చెప్పబట్టి కాదు. ఆ బరువు నువ్వు మొయ్యక్కర్లేదు. కాగితం చదివి చెప్పకపోవడం మాత్రం తప్పే."

"తప్పే అత్తయ్యా."

"సరే పద. నాలుగింటికల్లా వెలుగు పోతుందన్నారు."

"ఎక్కడికి పద? అమ్మా, ఇవాళ నిన్ను భూతం అని కేకేసి పడిపొమ్మంటారు. తెలుసా అది?"

"కేకెయ్యను. పడను. వాళ్ళ భాషలో ఆరోను చెప్తాడు, ఆవిడ ఇవేవీ చెయ్యదని. ఉన్నదున్నట్టు చెప్తావా ఈసారి?"

"చెప్తాను అత్తయ్యా. ఒక్క మాట తగ్గించను."

"చెప్తే వాళ్ళు ఊరుకుంటారా? వెళ్ళిపొమ్మంటారు."

"పొమ్మనేదాకా ఉంటాను. పెట్టె బయటికి తీసుంటారు కదా, నాకు అది చాలు. ఆ రోజు సగమే ఏడ్చానే. ఆ అబ్బాయి మధ్యలో లేచిపోయాడు."

"మిగతా సగం ఇంట్లో ఏడవొచ్చుగా! వాళ్ళ ముందెందుకు? కెమెరాల ముందెందుకు? నేను లేనా? నాలుగేళ్ళు నా ముందు ఒక్క చుక్క కార్చలేదు నువ్వు. అన్నం వండావు, బట్టలు ఉతికావు, నాన్న చొక్కాలు మడతపెట్టి బీరువాలో పెట్టావు. నేనేమనుకున్నానో తెలుసా? నీకు బాధ లేదనుకున్నాను. రాయివనుకున్నాను. ఎవడో ముక్కూమొహం తెలీనివాడి పెట్టె దొరికింది గానీ నీకు, నీ కూతురు దొరకలేదా? నేనంత పరాయిదాన్నా?"

"మీ నాన్నని తీసుకెళ్ళే అంబులెన్సు వచ్చినప్పుడు నన్ను గదిలోకి నెట్టి బయట గొళ్ళెం పెట్టింది నువ్వు కదమ్మా. నన్ను బతికించుకుందామనే పెట్టావు. నీ ముందు ఏడిస్తే, నిన్ను తిట్టినట్టు ఉండదూ?"